పేర్లు నోటికి రావడం లేదు, మా అమ్మకొచ్చిన జబ్బే నాకూ మొదలైందా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది గుంటూరు. మిర్చి యార్డులో ముప్ఫై ఏళ్లకు పైగా కమీషన్ వ్యాపారం చేస్తున్నాను. ఇప్పుడు నాకు 64. ఒకప్పుడు అరవై టిక్కీల (మిర్చి బస్తాల) లాటు కాటా అవుతుండగానే తూకం, రేటు కట్టి, ఖర్చులు తీసేసి రైతు చేతికి ఎంత వస్తుందో నోటి లెక్కతో చెప్పేవాడిని. ఇప్పుడు మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వస్తోంది. మొన్న సంక్రాంతి తర్వాత ఒక పాత రైతు దుకాణానికి వచ్చాడు. ప్రత్తిపాడు దగ్గర ఊరు. 2021లో నల్ల తామర పురుగు వచ్చి తోటంతా పోతే అప్పు తీర్చడానికి అతను పడ్డ పాట్లు, వాళ్లమ్మాయి పెళ్లికి నేను తెనాలి వెళ్లడం, అన్నీ గుర్తున్నాయి. పేరు మాత్రం రాలేదు. సాయంత్రం బండి మీద ఇంటికెళ్తుంటే లాడ్జి సెంటర్ దగ్గర దానంతటదే వచ్చింది. మా అబ్బాయి "ఇక నువ్వు ఇంట్లో ఉండు నాన్నా, నేను చూసుకుంటాను" అంటున్నాడు. మా అమ్మ చివరి రోజుల్లో నన్నే "ఎవరు బాబూ నువ్వు" అని అడిగింది. ఆ జబ్బే నాకూ వస్తోందేమోనని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. చాలా ఏళ్లుగా షుగరు ఉంది, మెట్‌ఫార్మిన్ వాడతాను. మిరప ఘాటుకు తుమ్ములు రాకుండా రోజూ రాత్రి ఒక అలర్జీ బిళ్ల వేసుకుంటాను. టీవీ సౌండు ఎక్కువ పెడతానని ఇంట్లో గొడవ. చెక్కుల మీద సంతకం కూడా అబ్బాయికి ఇచ్చేయమంటారా? పేరు వేయకండి.

జవాబు: దుకాణానికి వెళ్లడం మానకండి, సంతకం కూడా ఇప్పుడప్పుడే వదులుకోకండి. ఈ రెండూ ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే జబ్బు ఉందో లేదో తేలకముందే మీరు మనసులో సగం తప్పుకున్నట్టు మాట్లాడుతున్నారు. మీరు రాసినంత వరకు చూస్తే ఇది డిమెన్షియాలా, అంటే జ్ఞాపకం, ఆలోచన క్రమంగా దెబ్బతినే జబ్బులా కనిపించడం లేదు. అరవై దాటిన మెదడులో అందరికీ వచ్చే మార్పులు కొన్ని, మందుల వల్లా చెవుల వల్లా వాటికి తోడైనవి కొన్ని, అన్నీ కలిసి మిమ్మల్ని కంగారు పెడుతున్నాయని నా అనుమానం. ఉత్తరం చదివి రోగం తేల్చడం కుదరదు కాబట్టి ఏమేం పరీక్షలు చేయించుకోవాలో కూడా రాస్తాను.

ముందు ఆ రైతు సంగతి. అతని గురించి మీరు రాసింది మళ్లీ ఒకసారి చదువుకోండి. ఏ ఊరు, ఏ సంవత్సరం, తోటకు ఏ పురుగు పట్టింది, బాకీ ఎలా తీర్చాడు, పెళ్లి ఎక్కడ జరిగింది, ఒక్కటి కూడా తప్పలేదు. దొరకనిది పేరు ఒక్కటే, అదీ పొద్దు గూకేలోపు దానంతటదే వచ్చింది. అలా తర్వాతైనా వచ్చిందంటే అది లోపల భద్రంగానే ఉంది, తీసే దారి కాసేపు మూసుకుపోయిందంతే. మనిషి గురించిన మిగతా విషయాలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. పొలం తలచుకుంటే పురుగు గుర్తొస్తుంది, పురుగు తలచుకుంటే అప్పు గుర్తొస్తుంది. పేరుకు అలాంటి ఆసరా ఏదీ లేదు, అతన్ని కోటేశ్వరరావు అనడానికి అతని ముఖంలోనో పొలంలోనో ఏ కారణమూ ఉండదు. పైగా మన గుంటూరు జిల్లాలో ఎంతమంది కోటేశ్వరరావులు, ఎంతమంది సాంబశివరావులు! ముప్ఫై ఏళ్లలో ఎన్ని వేల మంది రైతులతో వ్యవహరించి ఉంటారో ఆలోచించండి, వాళ్లందరి పేర్లూ ఒకదానికొకటి అడ్డం పడతాయి. మనిషి తెలిసి కూడా పేరు నాలుక చివర ఆగిపోవడం వయసుతో దాదాపు అందరిలోనూ పెరుగుతుంది, అందులోనూ మనుషుల పేర్ల దగ్గరే ఎక్కువగా పెరుగుతుంది. పేరు రానప్పుడు దానికోసం తన్నుకులాడకండి. టెన్షన్ పడితే ఇంకా బిగుసుకుంటుంది. "రండి, కూర్చోండి, ఈసారి ఎన్ని ఎకరాలు వేశారు" అని మాటల్లో పడండి, వస్తే వస్తుంది, రాకపోతే గుమాస్తాను అడగండి.

మెదడు కణాలు రోజూ వేలకొద్దీ చచ్చిపోతుంటాయని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం, మీ భయంలో కొంత అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. మామూలు ముసలితనంలో జరిగేది అంత ఘోరం కాదు. పెద్దవాళ్ల మెదడు సుమారు 1,300 నుంచి 1,400 గ్రాములు తూగుతుంది, అందులో దాదాపు 8,600 కోట్ల న్యూరాన్లు, అంటే నాడీకణాలు ఉంటాయి. నలభై దాటాక పదేళ్లకు సుమారు 5 శాతం చొప్పున మెదడు పరిమాణం తగ్గుతుంది, డెబ్భై దాటాక ఆ వేగం ఇంకొంచెం పెరుగుతుంది. అయితే తగ్గేది ఎక్కువగా కణాల సంఖ్య కాదు. కణాలు కొంత కుంచించుకుపోతాయి, ఒక కణం ఇంకో కణంతో కలిసే చోట ఉండే సన్నటి మొలకలు తగ్గుతాయి, కణాల తీగల చుట్టూ ఉండే మైలిన్ అనే కొవ్వు పూత పల్చబడుతుంది. పూత పల్చబడితే సంకేతం నెమ్మదిస్తుంది. మీ లెక్క ఆలస్యం కావడానికి ఇదొక కారణం.

ఈ తగ్గుదల కూడా మెదడంతా ఒకేలా ఉండదు. నుదుటి వెనక ఉండే ముందు భాగం, కొత్త జ్ఞాపకాలు నమోదు చేసే హిప్పోకాంపస్, ఈ రెండూ ఎక్కువ తగ్గుతాయి. కంటిచూపు సంకేతాలు మొదట చేరే వెనక భాగం అంతగా మారదు. ముందు భాగం చేసే పని ఏమిటంటే, ఒక విషయాన్ని కాసేపు మనసులో పట్టుకుని ఉంచడం, పక్కన జరిగే గోలను లోపలికి రానీయకపోవడం. 64 టిక్కీలు, 27 క్వింటాళ్ల 40 కిలోలు, క్వింటా 13,600 అనుకుంటూ మూడు లక్షల డెబ్భై రెండు వేల దగ్గరికి వచ్చారు, ఈలోగా హమాలీ వచ్చి "బాబూ, ఈ లాటు ఎటు వేయమంటారు" అన్నాడు. ముప్ఫై ఏళ్ల వయసులో అతనికి జవాబు చెప్పి మళ్లీ అదే అంకె అందుకునేవారు, ఇప్పుడు ఆ అంకె జారిపోయింది. లెక్క చేయడం రాక కాదు, రెండు పనుల మీద ఒకేసారి ధ్యాస నిలవక. అష్టావధానంలో పద్యం చెబుతూ గంటలు లెక్కపెట్టడానికి జనం చప్పట్లు కొడతారు కదా, రోజంతా మీరు యార్డులో చేసేది అలాంటి పనే, దాన్ని ఇప్పటిదాకా చేసుకొచ్చారు. ఇకనుంచి కాటా దగ్గర చేతిలో చిన్న పుస్తకం పెట్టుకోండి, సగం లెక్కలో ఎవరైనా పిలిస్తే ఆ అంకె రాసి అప్పుడు పలకండి. కాలిక్యులేటర్ వాడితే నామోషీ ఏమీ లేదు.

మీ అబ్బాయికి ఒక సంగతి చెప్పండి. ఆలోచనలో వేగం తగ్గడం అరవైలో మొదలయ్యేది కాదు, ఇరవైలు దాటకముందే దాని శిఖరం అయిపోతుంది. 2015లో జాషువా హార్ట్‌షార్న్, లారా జర్మైన్ అనే పరిశోధకులు వేల మందిని పరీక్షించి చూస్తే మెదడు చేసే ఒక్కో పని ఒక్కో వయసులో పతాక స్థాయికి చేరుతుందని తేలింది. వేగం పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల ప్రాంతంలో, చెప్పింది కాసేపు గుర్తుంచుకోవడం పాతికేళ్ల ప్రాంతంలో, మాటల జ్ఞానం మాత్రం అరవై దాటాక కూడా. పోగుపడిన తెలివి, అప్పటికప్పుడు కొత్త చిక్కు విప్పే తెలివి వేరువేరని రేమండ్ కాటెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1940ల్లోనే చెప్పాడు, రెండోది ముందే తగ్గుతుంది, మొదటిది చాలా కాలం నిలబడుతుంది.

పోగుపడిన తెలివి అంటే ఏమిటో మీకు నేను చెప్పాలా? టిక్కీ మూతి విప్పి, పైన ఉన్న కాయ వదిలేసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి మధ్యలోంచి గుప్పెడు కాయ తీస్తారు. చెవి దగ్గర ఆడించి గలగల వింటారు, తొడిమ విరిచి చూస్తారు, తాలు ఎంత ఉందో, లోపల తేమ ఉందో, ఇది ఏసీలో (కోల్డ్ స్టోరేజీలో) నిలవుంటుందో ఉండదో చెప్పేస్తారు. దీనికి మీకు లెక్క అక్కర్లేదు, పేర్లు అక్కర్లేదు. మీ అబ్బాయికి కంప్యూటర్‌లో లెక్కలు మీకన్నా త్వరగా అవుతాయి, ఒప్పుకుందాం. ఏ కొనుగోలుదారు మాట మీద నిలబడతాడో, ఏ రైతుకు ఈ ఏడు అప్పిస్తే తిరిగొస్తుందో, రేటు పెరుగుతుందని సరుకు ఆపిన ఏ సంవత్సరం ఏమైందో అతనికి ఎవరు చెప్తారు? వయసు మీద పడ్డ మెదడు ఊరికే కూర్చోదు కూడా, కుర్రవాళ్లు ఒక వైపు ముందు భాగంతో చేసే పనిని పెద్దవాళ్లలో చాలామంది రెండు వైపులా వాడి చేస్తుంటారు, మెదడు స్కాన్లలో ఇది కనిపించింది. లోటును ఇంకో దారిలో పూడ్చుకోవడం అది.

ఇప్పుడు నాకు ముఖ్యమనిపించిన చోటికి వస్తాను. మీ ఉత్తరం చివర్లో ఏదో అదనంగా రాసినట్టు మూడు ముక్కలు రాశారు, మెట్‌ఫార్మిన్, అలర్జీ బిళ్ల, టీవీ సౌండు. నేను ముందు చూడమనేది ఈ మూడే.

మెట్‌ఫార్మిన్ మంచి మందు, దయచేసి ఆపకండి. కానీ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో కొందరికి తిండిలోని బీ12 విటమిన్ ఒంటికి పట్టడం తగ్గుతుంది. గ్యాస్ బిళ్లలు కూడా రోజూ వేసుకునే అలవాటుంటే ఇంకా తగ్గుతుంది, శాకాహారులైతే మరీనూ. బీ12 తగ్గితే మతిమరుపు, నీరసం, చిరాకు వస్తాయి, కాళ్లు తిమ్మిరెక్కుతాయి, ఆ తిమ్మిరిని షుగరు ఖాతాలో వేసేసి ఊరుకుంటారు. ఒక్క రక్తపరీక్షతో తెలుస్తుంది, లోటుంటే ఇంజక్షన్లతోనో బిళ్లలతోనో సరిచేయొచ్చు, ముందే పట్టుకుంటే చాలావరకు తేరుకుంటారు. అదే రక్తంతో థైరాయిడ్, సోడియం, మూడు నెలల సగటు షుగరు కూడా చూపించుకోండి. షుగరు మరీ పడిపోయినా తికమక వస్తుందని గుర్తుంచుకోండి, సీజన్లో మధ్యాహ్నం భోజనం మూడింటికో నాలుగింటికో చేసే వ్యాపారం మీది.

అలర్జీ బిళ్ల పేరు మీరు రాయలేదు. అది క్లోర్‌ఫెనిరమిన్, ఫెనిరమిన్ లాంటి పాత రకం మందైతే మాత్రం రోజూ వేసుకోవడం మీ వయసులో మంచిది కాదు. జ్ఞాపకానికి మెదడు వాడుకునే అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని ఆ మందులు అడ్డుకుంటాయి, మర్నాడు మధ్యాహ్నం దాకా బుర్ర మబ్బుగా ఉంటుంది, నోరు ఎండిపోతుంది. మగవాళ్లకు మూత్రం సరిగా రాక ఇబ్బంది పడటం కూడా ఉంది. నిద్ర పట్టడానికి షాపులో అడిగి కొనుక్కునే బిళ్లల్లో కూడా ఇలాంటి మందులుంటాయి. మీ షుగరు డాక్టరుకు ఆ స్ట్రిప్ చూపించండి, మత్తు తక్కువ ఉండే కొత్త రకాలు ఉన్నాయి, ముక్కులో కొట్టుకునే స్ప్రేలు ఉన్నాయి. అన్నిటికన్నా ముందు దుకాణంలో మంచి మాస్కు పెట్టుకోండి. యార్డులో ఘాటుకు అలవాటు పడ్డామని ఎవరూ పెట్టుకోరు, నాకు అది ఎప్పటికీ మింగుడుపడదు.

మూడోది చెవులు. వయసుతో వచ్చే చెవుడు ముందు సన్నటి శబ్దాలను తినేస్తుంది, అందుకే గొంతు వినిపిస్తుంది గానీ మాట స్పష్టంగా ఉండదు, స, త, క లాంటి అక్షరాలు జారిపోతాయి. మీరు టీవీ సౌండు పెంచేది దానికే. సరిగా వినపడని మాట అసలు లోపలికే వెళ్లదు, వెళ్లని మాట గుర్తుండదు, ఇంట్లోవాళ్లేమో "పొద్దున చెప్పాను కదా, మర్చిపోయావు" అంటారు. విజయవాడలో మా ఓపీకి తండ్రిని తీసుకొచ్చి "మతిమరుపు సార్" అనే పిల్లలున్నారు, నోరు కనపడకుండా మాస్కు పెట్టుకుని మామూలు గొంతుతో రెండు ప్రశ్నలు అడిగితే ఆ పెద్దాయనకు వినపడటం లేదని అక్కడే తెలిసిపోతుంది. ఇది తీసిపారేసే విషయం కాదు. డిమెన్షియా ముప్పు పెంచేవాటిలో మనం మార్చుకోగలిగినవి 14 ఉన్నాయని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ చెప్పింది, వాటిలో వినికిడి లోపం ఒకటి. ఆ పద్నాలుగిటినీ అదుపులో పెడితే ప్రపంచంలో దాదాపు 45 శాతం కేసులను రాకుండానో ఆలస్యంగానో చేయొచ్చని వాళ్ల అంచనా. షుగరు, బీపీ, చెడు కొలెస్ట్రాల్, సిగరెట్, ఒంటరితనం, కూర్చుని ఉండటం అన్నీ అందులోనే ఉన్నాయి. ఈఎన్‌టీ డాక్టరు దగ్గర ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష చేయించుకోండి, మిషన్ పెట్టుకోమంటే పెట్టుకోండి. కళ్లజోడుకు లేని సిగ్గు చెవి మిషన్‌కెందుకు?

మీ అమ్మగారి విషయం. మీరు ఎంత బాధపడి ఆ వాక్యం రాశారో నాకు అర్థమైంది. కన్నతల్లి "ఎవరు బాబూ నువ్వు" అని అడిగిన ఇంట్లో తాళంచెవి కనపడకపోయినా గుండె ఝల్లుమంటుంది, అది సహజం. కానీ డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకమైన అల్జీమర్స్ ముసలితనం ముదిరి వచ్చేది కాదు, అదొక జబ్బు. 1906లో జర్మనీలో అలోయిస్ అల్జీమర్ వివరించిన మొదటి రోగి ఆస్పత్రిలో చేరేటప్పటికి ఆమె వయసు 51 ఏళ్లే. మన దేశంలో 60 దాటినవాళ్లలో డిమెన్షియా ఉన్నది 7.4 శాతం మందికని 2023లో వచ్చిన జాతీయ స్థాయి అంచనా, అంటే నూటికి తొంభైమందికి పైగా లేదు. తల్లికి పెద్ద వయసులో వస్తే పిల్లలకు ముప్పు కొంత పెరుగుతుంది, వచ్చి తీరుతుందని మాత్రం కాదు. ఒకే జన్యువు వల్ల తరతరాలుగా చిన్న వయసులోనే వచ్చే రకం చాలా అరుదు.

జబ్బైతే ఎలా ఉంటుందో చెప్తాను, మీ ఆవిడను, అబ్బాయిని కూడా చదవమనండి, ఎందుకంటే చాలాసార్లు అది రోగి కన్నా ఇంట్లోవాళ్లకే ముందు కనిపిస్తుంది. పేరు రాకపోవడం కాదు, ఆ రైతు వచ్చి వెళ్లాడన్న సంగతే సాయంత్రానికి గుర్తుండదు, చెప్పినా నమ్మరు. అడిగిన ప్రశ్నే పావుగంటలో మళ్లీ మళ్లీ అడుగుతారు. రోజూ వెళ్లే చుట్టుగుంట రోడ్డులో ఎటు తిరగాలో తెలియక నిలబడిపోతారు. ముప్ఫై ఏళ్లుగా రాస్తున్న తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం చీటీ) ఎలా రాయాలో తోచదు. ఎప్పుడూ నెమ్మదిగా ఉండే మనిషి దొంగతనం అంటగట్టి అరుస్తాడు. ఇలాంటివి కనిపిస్తే ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్టును కలవాలి, గుంటూరు ప్రభుత్వ ఆస్పత్రి (జీజీహెచ్)లో న్యూరాలజీ విభాగం ఉంది. ఇంకొకటి, రెండు మూడు రోజుల్లో ఉన్నట్టుండి తికమక మొదలైతే అది వయసు కాదు, మూత్రంలో ఇన్‌ఫెక్షనో, సోడియం పడిపోవడమో, పక్షవాతమో అయి ఉండొచ్చు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. బండి మీంచి పడి తలకు తగిలితే అప్పటికి బాగానే ఉండి కొన్ని వారాల తర్వాత కూడా లోపల రక్తం గడ్డ చేరి మెదడును నొక్కొచ్చు, పెద్దవాళ్లలో ఇది ఎక్కువ. బండి నడుపుతానన్నారు, హెల్మెట్ లేకుండా నడపకండి.

ఏం చేస్తే మెదడుకు మంచిదని అడుగుతారు, నడక అంటాను. 2011లో అమెరికాలో పెద్దగా కదలకుండా ఉండే 120 మంది పెద్దవాళ్లను తీసుకుని సగం మందిని వారానికి మూడు రోజులు, నలభై నిమిషాల దాకా చురుగ్గా నడిపించారు, మిగతావాళ్లతో ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేయించారు. ఏడాది తర్వాత చూస్తే నడిచినవాళ్లలో హిప్పోకాంపస్ సుమారు 2 శాతం పెరిగింది, మిగతావాళ్లలో 1.4 శాతం తగ్గింది. బృందావన్ గార్డెన్స్ స్టేడియంలో తెల్లారకముందే ఎంతమంది నడుస్తుంటారో మీకు తెలుసు, మీరూ వెళ్లండి, షుగరుకూ పనికొస్తుంది. సుడోకులు, మెదడు ఆటల యాప్‌లు డబ్బులిచ్చి కొనుక్కోకండి, అవి ఆడితే ఆ ఆటే బాగా వస్తుంది, దుకాణం పనికి పెద్దగా ఉపయోగపడదు.

మీకు యార్డులో రోజూ దొరికేది అంతకన్నా విలువైనది. ఉత్తరాది కొనుగోలుదారులతో హిందీలో, రైతుతో తెలుగులో, ఒకే నిమిషంలో ఇటూ అటూ మాట్లాడతారు కదా. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి గారి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఒక సంగతి ప్రకటించింది. ఒక్క భాషే తెలిసినవాళ్ల కన్నా రెండు భాషలు మాట్లాడేవాళ్లకు ఆ జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది, చదువు రానివాళ్లలో కూడా ఆ తేడా కనిపించింది. ఇదొక్కటే కాపాడుతుందని ఎవరూ అనలేరు, కానీ మాటలు, మనుషులు, బేరాలు ఉన్న చోటి నుంచి మిమ్మల్ని తీసుకెళ్లి టీవీ ముందు కూర్చోబెడితే మేలు జరుగుతుందని ఏ డాక్టరూ అనడు.

అబ్బాయి మీద కోపం పెట్టుకోకండి. నాయనమ్మను అతనూ చూశాడు, అతనికీ అదే భయం. కూర్చోబెట్టి పని పంచుకోండి. సరుకు చూడటం, రైతులతో, కొనుగోలుదారులతో మాట మీ చేతిలో ఉంచుకోండి. కంప్యూటర్, జీఎస్టీ, బ్యాంకు యాప్‌లు అతనికి వదలండి. సంతకం సంగతికొస్తే, ఒక మొత్తం దాటిన చెల్లింపులకు ఇద్దరి సంతకం ఉండేలా బ్యాంకులో రాసివ్వండి, ఆ మొత్తం ఎంతో మీరిద్దరూ కలిసి అనుకోండి. ఇది మీ మెదడు మీద అపనమ్మకంతో చెప్పడం లేదు. ఎదుటివాడి మాటలో మోసం పసిగట్టడం వయసుతో కొంత తగ్గుతుంది, ఫోన్లో పోలీసులమని బెదిరించి డబ్బు లాగేవాళ్లు అరవై దాటినవాళ్లనే వెతుక్కుంటున్నారు, రెండో సంతకం ఉంటే ఆలోచించుకోవడానికి ఒక పూట దొరుకుతుంది. ఈ వారంలోనే రక్తపరీక్ష, చెవి పరీక్ష చేయించుకోండి. రిపోర్టులతో పాటు ఆ అలర్జీ బిళ్ల పేరు కూడా రాసి పంపండి, నిద్ర పట్టకపోవడం గురించి అవి చూశాక మాట్లాడుకుందాం.